తోకముక్క

వసుమతికి ముక్కు మీద కోపం అని చుట్టాలంతా అంటారు గానీ, ఆ కోపం ఎన్నేళ్ళుగా ఆ ముక్కు మీదే కూచుని ఉందో, కిందికి దిగనివ్వకుండా దాన్ని ఎవరు ఆపారో ఒక్కరూ అడగరు. అడిగినా చెప్పడానికి ఆవిడకి తీరికేదీ? పొద్దున్నే టెలిఫోన్ ఎక్స్చేంజిలో హెడ్‌సెట్టు తలకి తగిలించుకుంటే డ్యూటీ దిగేదాకా ఊరు ఊరంతా ఆవిడ చెవిలో అరుస్తూనే ఉంటుంది. గుంటూరు లైను ఇంకా కలపలేదేమని ఒకడు, మాట సరిగ్గా వినపడటం లేదని ఒకడు, నిద్రపోతున్నావా అని ఇంకొకడు. ముఖం కనపడని ఆడది కాబట్టి ప్రతివాడికీ లోకువే. వాళ్ళందరికీ వసుమతి ఒకటే గొంతుతో, "లైన్లో ఉండండి, ప్రయత్నిస్తున్నాను" అంటుంది. ఆ గొంతులో కోపం ఇసుమంతైనా వినపడకూడదు. వినపడిందా, పైవాళ్ళకి కంప్లయింటు వెళుతుంది. రోజంతా అలా మింగిన కోపం ఎక్కడికి పోతుంది చెప్పండి? నాంపల్లి స్టేషను దగ్గర సందులో తన రెండు గదుల పోర్షనుకి చేరేసరికి గిన్నెల మీద పడేది, కుళాయి మీద పడేది, తలుపు గడియ మీద పడేది. పడవలసిన మనుషుల మీద మాత్రం ఏనాడూ పడలేదు.

ఆ ఉద్యోగంలో ఆవిడకి రెండు నియమాలు బాగా ఒంటబట్టాయి. ఒకటి, కలిపిన లైను వినకూడదు. పొరపాటున చెవిన పడ్డా పడనట్టే ఉండాలి. రెండు, వేరే ఊరికి కలిపిన ట్రంకు కాలు మూడు నిమిషాలు నిండగానే మధ్యలో దూరి, "మూడు నిమిషాలయిందండీ, పొడిగించమంటారా, కట్ చెయ్యమంటారా" అని అడగాలి. అవతల పెళ్ళి మాటలు నడుస్తున్నా, చావు కబురు చెబుతున్నా సరే, అడిగి తీరాలి. ఎదుటివాళ్ళు ఏది చెబితే అది చెయ్యాలి.

ఈవిడ కథేమిటంటే, వీళ్ళది కాకినాడ. తండ్రి కోదండరామయ్య గారు గుమాస్తా. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారిన యాభై ఆరులో ఫైళ్ళతోపాటు ఆయన్నీ రైలెక్కించారు. ఆ నాంపల్లి పోర్షన్లోనే దిగారు. రెండేళ్ళు తిరక్కుండానే ఆయన పోయాడు. అప్పటికి వసుమతికి ఇరవై, తమ్ముడు గోపాలానికి పన్నెండు. తల్లి గోడకి ఆనుకుని కూర్చున్నది మళ్ళీ సరిగ్గా లేవలేదు. వసుమతి పరీక్ష రాసి ఎక్స్చేంజిలో ఉద్యోగం తెచ్చుకుంది. ఇంటి కిరాయి ఆవిడ పేరు మీదికి మారింది. రాజమండ్రి నుంచి మంచి సంబంధం ఒకటి వస్తే, గోపాలం డిగ్రీ అయ్యేదాకా ఆగమంది. వాళ్ళెందుకు ఆగుతారు? ఇంకో పిల్లని చూసుకున్నారు. తరవాత ఆ ఊసెత్తినవాళ్ళు లేరు. ఎత్తాల్సిన తల్లి కూడా కొన్నాళ్ళకి కన్నుమూసింది.

ఇక్కడ చేప సంగతి చెప్పాలి. కాకినాడ వాళ్ళ ఇల్లన్నాక చేప ఉంటుంది కదా. పులుసు పెట్టిన రోజు నడిమి ముక్కలు తండ్రి కంచంలోకి వెళ్ళేవి. ఆయన పోయాక, "నడిమి ముక్క గోపాలానికి వెయ్యవే, చదువుకునే కుర్రాడు" అనేది తల్లి. తల వాళ్ళమ్మ తీసుకునేది. మిగిలింది తోక. అందులో ముల్లు తప్ప ఏముంటుంది? మొదట్లో ఎప్పుడో తల్లి బాధపడకుండా ఉంటుందని వసుమతి, "నాకు తోకే ఇష్టమే అమ్మా" అంది. అనడమే ఆలస్యం, ఇంటిల్లిపాదీ దాన్ని నమ్మేశారు. చూడబోతే వినడానికి హాయిగా ఉన్న మాటని నమ్మడానికి ఎవరికీ కష్టం ఉండదు. గోపాలం గోపాలరావై, సెక్రటేరియట్‌లో ఉద్యోగస్థుడై, తణుకు పిల్ల కమలకుమారిని పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాక, ఆ పిల్లకి కూడా అతను మొదటి వారంలోనే చెప్పాడు, అక్కకి తోకముక్క వెయ్యాలి, ఆవిడకదే ఇష్టం అని.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక పక్క వీధిలో తాతారావు అనే ఆయన ఫ్రెంచి హోటలు పెట్టింది ఆ రోజుల్లోనే. ఫ్రెంచి అంటే ఏ దొరో వచ్చి పెట్టాడనుకోకండి. తాతారావుది యానాం. కాకినాడ పక్కనే, మొన్నమొన్నటిదాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు. అక్కడ ఒక దొరగారి వంటింట్లో పెరిగి పెద్దవాడై, దొరలు ఓడెక్కి పోయాక ఆ వంటని నమ్ముకుని హైదరాబాదు చేరాడు. గుమ్మం దగ్గర తలపాగా దర్వాను లేడు. బల్లల మీద మాత్రం తెల్లగుడ్డలున్నాయి. జీతాలొచ్చిన వారంలో గుమాస్తాలు కూడా ధైర్యంగా మెట్లెక్కి, ఉల్లిపాయ సూపు తాగి, వెన్నలో వేయించిన చేప తిని, మీద కారమెల్ పుడ్డింగు నాలుగు చెంచాలు పుచ్చుకుని దర్జాగా దిగిరాగలిగిన హోటలు అది.

తాతారావు రోజు విడిచి రోజు కాకినాడకి ట్రంకు కాలు చేసేవాడు. ఐసు పెట్టెలో చందువా చేపలు రైలెక్కాయా లేదా అని కనుక్కోవడానికి. ఆ కాలు ఎక్కువగా వసుమతి షిఫ్టులోనే పడేది. లైను కోసం ఆగినంతసేపూ ఆయన ఊరుకునే రకం కాదు. ఆవిడ మాట తీరు విని కాకినాడ మనిషని పోల్చుకున్నాడు. ఇహ అక్కణ్ణుంచి, "అమ్మగారూ, ఒక్కసారి దయచెయ్యండి మా హోటలుకి. ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్క చేప అండి. మన ఇళ్ళల్లోలాగ ముక్కలు పంచడాల్లేవు, దొరల పద్ధతి. తలా మీదే, తోకా మీదే, నడుమూ మీదే" అని ఊదరగొట్టేవాడు. వసుమతి "లైన్లో ఉండండి" అనేసి ఊరుకునేది గానీ, ఆ మాట ఆవిడ మనసులో ముల్లులాగ దిగబడిపోయింది. ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్క చేప.

ఒకరోజు అన్నం తింటూ ఆ సంగతి ఇంట్లో చెప్పింది. గోపాలరావు నవ్వి, తనకి ప్రమోషను రానీ, ఫ్యామిలీతో అక్కడికే వెళ్దాం అన్నాడు.

ప్రమోషను రానే వచ్చింది. సూపరింటెండెంటు అయ్యాడు. దాంతోపాటు మలక్‌పేటలో సర్కారు క్వార్టరూ వచ్చింది. శుక్రవారం సాయంత్రం చొక్కా విప్పుతూ, "ఆదివారం మధ్యాహ్నం ఫ్యామిలీని ఫ్రెంచి హోటలుకి తీసుకెళుతున్నా. మా ఆఫీసరు శ్రీరామమూర్తి గారు కూడా ఫ్యామిలీతో వస్తున్నారు" అని ప్రకటించాడు. వసుమతి ఆ రాత్రి ఏ గిన్నె మీదా కోపం చూపించలేదు. మర్నాడు డ్యూటీలో పక్క సీటు ఆపరేటరు, మెదక్ సుగుణమణిని బతిమాలింది. ఆదివారం షిఫ్టు మార్చుకోవాలంటే సుగుణమణికి చర్చి పోతుంది. అయినా పక్క సీట్లో పదేళ్ళుగా కూర్చుంటున్న మనిషి, ఒక్కసారి కూడా ఏదీ అడగని మనిషి అడిగిందని సరేనంది. తిన్నవన్నీ సోమవారం వచ్చి వరసగా చెప్పాలని మాత్రం షరతు పెట్టింది.

ఆదివారం వసుమతి తలంటుకుంది. సుల్తాన్ బజారులో కొని రెండేళ్ళుగా మడత విప్పని ఆకుపచ్చ పోచంపల్లి చీర కట్టుకుంది. జడ వేసుకుని, చెప్పులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చేసరికి గోపాలరావు టై సర్దుకుంటున్నాడు. కమలకుమారి అద్దం ముందు పూలు పెట్టుకుంటోంది.

"అదేంటక్కా, నువ్వెక్కడికి బయల్దేరావు?" అన్నాడు గోపాలరావు.

వసుమతికి మొదట అర్థం కాలేదు. ఎక్కడికేమిట్రా, హోటలుకే కదా అంది. అతను భార్య వైపు చూశాడు. కమలకుమారి అద్దంలోంచి చూపు తిప్పుకుంది.

"ఫ్యామిలీలతో రమ్మన్నారక్కా. ఆయనా ఆయన ఫ్యామిలీ, నేనూ కమలా. అంతే."

ఇదండీ సంగతి. ఆ రోజుల్లో ఆఫీసుల్లో ఫ్యామిలీ అంటే పెళ్ళాం. మీ ఫ్యామిలీకి ఒంట్లో ఎలా ఉందండీ అంటే పెళ్ళానికి ఎలా ఉందని అడిగినట్టు. పెళ్ళాం పేరు నోటితో అనడానికి సిగ్గుపడే మగవాళ్ళంతా ఆ ఇంగ్లీషు మాటని తెచ్చి అడ్డం పెట్టుకున్నారు. వసుమతి రోజూ వందమంది నోట ఆ మాట విన్నదే. కానీ తన తమ్ముడు, తన చేతి అన్నం తిని పెరిగినవాడు, తన ఇంట్లో నిలబడి ఫ్యామిలీ అంటే అందులో తనుంటాననుకుంది. అనుకోవడం తప్పా? మీరే చెప్పండి.

"మరి నేనెవర్నిరా?" అంది.

గోపాలరావు గడియారం చూసుకున్నాడు. రిక్షావాడు బయట గంట కొడుతున్నాడు. తొందరలో ఉన్న మనిషికి నాలిక మీద అదుపుండదు. సాయంత్రం నెమ్మదిగా చెబుదామని దాచుకున్నదంతా కక్కేశాడు. "క్వార్టరు కూడా ఫ్యామిలీదే అక్కా. రెండే గదులు. నీకోసం బషీర్‌బాగ్‌లో ఆడవాళ్ళ హాస్టల్లో మాట్లాడాను. ఒకటో తారీఖు నుంచి గది ఇస్తారు. ఈ పోర్షను ఖాళీ చేస్తున్నామని ఇంటాయన రాజయ్యకి కూడా చెప్పేశా. నువ్వేం కంగారుపడకు, అన్నీ నేను చూసుకుంటున్నాను కదా."

వాళ్ళు రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు. వసుమతి అలంకరించుకున్న మనిషి అలాగే గది మధ్యన నిలబడిపోయింది. ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. తన ఇల్లు. తన జీతంతో పద్దెనిమిదేళ్ళుగా నిలబెట్టుకున్న ఇల్లు. తనని అడక్కుండా ఖాళీ చేసేశాడు. తనని ఎక్కడ పడెయ్యాలో కూడా చూసి పెట్టాడు. పైగా కంగారుపడకూడదట. రేపొద్దున్న ట్రంకు పెట్టె పుచ్చుకుని హాస్టలు మెట్లెక్కి, నలుగురు కాలేజీ పిల్లల మధ్య మంచం వేసుకుని, పండక్కి తమ్ముడు పిలుస్తాడా లేదా అని ఎదురుచూడాలన్న మాట. తలుపు తాళం వేసి గబగబా సందులోకి దిగింది.

గేటు దగ్గర ఇంటాయన రాజయ్య కుర్చీ వేసుకుని ఎండలో కూర్చున్నాడు. "తమ్ముడు చెప్పిండమ్మా, ఇల్లు ఖాళీ చేస్తున్రని," అన్నాడు. "నువ్వు చెప్తవనుకున్న. కిరాయికి వేరేటోళ్ళు అడుగుతున్రు, రేపు మాట ఇద్దామనుకుంటున్న."

"ఇవ్వకండి," అంది వసుమతి. "సాయంత్రం నేను వచ్చి చెబుతాను."

చెప్పేదేమిటో అప్పటికి ఆవిడకే తెలియదు. కాళ్ళు మాత్రం స్టేషను రోడ్డు దాటి ఆబిడ్స్ వైపు నడిచాయి. ఆదివారం కాబట్టి కొట్లు సగం మూసి ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకున్నవాళ్ళని దాటుకుంటూ, రిక్షాలని తిట్టుకుంటూ, వసుమతి నడవలేదు, ఉరికిందనాలి. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఆ హోటల్లో, ఆ తెల్లగుడ్డ బల్ల ముందు కూర్చుని తినాలి. ఈ పూట తినకపోతే ఇంక జన్మలో తినలేననిపించింది. తిననివ్వకపోతే, హాస్టలు గదిలోకి కూడా నోరు మూసుకునే వెళ్ళిపోతానేమోనని భయం కూడా వేసింది. ఇన్నేళ్ళూ నోరు మూసుకోవడంలో ఆవిడకి అంత అలవాటు.

హోటలు గుమ్మంలో బాలమల్లు అనే సర్వరు అడ్డం నిలబడ్డాడు. మర్యాదస్థుడే. ఆవిడ భుజం మీదుగా వీధిలోకి తొంగి చూసి, "ఫ్యామిలీ వెనకాల వస్తున్రా అమ్మా?" అని అడిగాడు.

మళ్ళీ అదే మాట. పళ్ళు పటపట కొరుక్కుంటూ, ఎవరూ రావట్లేదు, నేనొక్కదాన్నే అంది.

బాలమల్లు తల గోక్కున్నాడు. "కింద మొగోళ్ళు కూసుంటరమ్మా. పైన పర్దా రూములు ఫ్యామిలీలకు. ఒక్క ఆడమనిషికంటే గీడ జాగ లేదు. ఏమనుకోకు."

వసుమతికి ఒళ్ళు భగ్గుమంది. ఇంట్లో జాగా లేదు, క్వార్టర్లో జాగా లేదు, ఆఖరికి డబ్బిచ్చి తినే హోటల్లో కూడా లేదు. మీ యజమానిని పిలవమని గట్టిగా కేకేసింది. కింద బల్లల దగ్గర చెంచాలు ఆగిపోయాయి. మగవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. వంటింట్లో నుంచి తాతారావు గొంతు వినపడింది, ఎవరో ఏమిటో చూసి పంపించెయ్యరా అని. ఆయనకేం తెలుసు? ఆ గొంతు పోల్చుకోలేదు. పోల్చుకోవడానికి ఆవిడ కోపం ఆయన ఏనాడైనా విన్నాడు గనకనా?

వసుమతి ఊపిరి పీల్చుకుంది. అప్పుడు ఎక్స్చేంజిలో వాడే గొంతు తీసింది. చల్లగా, సాఫీగా, ఇసుమంతైనా కోపం లేకుండా, ఆ హాలు అవతలికి వినపడేటట్టు, "కాకినాడ లైను దొరికిందండీ, మాట్లాడండి" అంది.

వంటింటి తలుపు తెరుచుకుంది. తెల్ల ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ పొట్టిగా, బట్టతలతో ఒకాయన బయటికొచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ఆకుపచ్చ చీర దగ్గర చూపాగింది. రెండు చేతులూ జోడించి, "అమ్మగారా" అన్నాడు. "నాకు తెలియలేదండి. ఎన్నాళ్ళకి దయచేశారండి." బాలమల్లు వంక చూసి, పైన మూలగది తుడవమన్నాడు. అది ఫ్యామిలీ గది కదా సాబ్ అని వాడు గొణిగితే, వసుమతి వాడి వైపు చూసిన చూపుకి వాడే చల్లగా మెట్లెక్కేశాడు.

పైన గదులంటే గదులు కావు. పల్చటి చెక్కలు అడ్డంపెట్టి, ముందు ఎర్ర తెర వేలాడదీసిన అరలు. వసుమతిని మూలఅరలో కూర్చోబెట్టి, చేప తనే స్వయంగా వేయిస్తానని తాతారావు కిందికి పరిగెత్తాడు. సూపు వచ్చింది. ఆవిడ చెంచా ముంచింది. అప్పుడు చెక్కకి అవతల నుంచి తమ్ముడి గొంతు వినపడింది.

వినకూడదు. పద్దెనిమిదేళ్ళ అలవాటు. చెవిన పడ్డా పడనట్టే ఉండాలి. వసుమతి చెంచా వంకే చూస్తూ కూర్చుంది. అవతల ఆఫీసరు శ్రీరామమూర్తి గారు కాబోలు, మీ సిస్టరుగారు కూడా మీ దగ్గరే ఉంటారటగా అని అడుగుతున్నారు.

"అవునండీ. పెళ్ళి కాలేదు," అంటున్నాడు గోపాలరావు. "మా నాన్నగారు పోయినప్పట్నుంచీ నేనే చూసుకుంటున్నా. ఆ బాధ్యతంతా నా మీదే పడింది. ఏం చేస్తామండీ, తోడబుట్టింది కదా. వదిలెయ్యలేం."

పాపం, చిన్న వయసులోనే ఎంత బరువు మోశారండీ అని ఆయన జాలిపడ్డాడు.

పాపం అట! ఎవరికి? లాగూ బొత్తాలు పెట్టుకోవడం చేతకాని పన్నెండేళ్ళ వెధవ బరువు మోశాడట. ఫీజు కట్టిందెవరు? జ్వరం వస్తే దవాఖానాలో రాత్రుళ్ళు కూర్చుందెవరు? పెళ్ళిలో వాడు కట్టిన పట్టుపంచె ఎవరు కొన్నారు? ఇవి చేసినందుకు వసుమతి ఏనాడూ ఎవర్నీ మెచ్చుకోమనలేదు. కానీ చేసింది తనూ, జాలి వాడికీనా?  వినని ఉద్యోగం ఇంక చాలనుకుంది. చెంచా కింద పెట్టి, లేచి, అవతలి అర తెర ఒక్క లాగు లాగింది.

బల్ల చుట్టూ నలుగురున్నారు. ముసలాయన, ఆయన పెద్ద బొట్టు భార్య, కమలకుమారి, గోపాలరావు. నలుగురి ముందూ నాలుగు నిండు చేపలున్నాయి. వసుమతి నిటారుగా నిలబడి, ఎక్స్చేంజి గొంతుతోనే, "మూడు నిమిషాలయిందండీ. పొడిగించమంటారా, కట్ చెయ్యమంటారా?" అంది.

ఆఫీసరుగారు ఎవరో పిచ్చావిడ అనుకుని వెనక్కి జరిగారు. గోపాలరావు మాత్రం కుర్చీ వెనక్కి నెట్టాడు. సగం లేచాడు. "అక్కా, ఇక్కడ కాదు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు.

"ఎవరింటికిరా?" అంది వసుమతి. ఆ చల్లటి గొంతు అక్కడితో ఆఖరు. "ఆ పోర్షను నాది. నేను ఖాళీ చెయ్యను. ఖాళీ చేస్తున్నది నువ్వు, నీ ఫ్యామిలీతో నువ్వు వెళ్ళు. రాజయ్యగారికి ఆ ముక్క నేను చెబుతాను. హాస్టల్లో గది అక్కర్లేదని నువ్వే చెప్పు, మాట్లాడింది నువ్వే కదా. నన్ను అడక్కుండా నన్ను తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో చూసుకొచ్చావు. నేనేమన్నా పాత బీరువానా?" ఆఫీసరుగారి వైపు తిరిగింది. "మా నాన్నగారు పోయినప్పుడు వీడికి పన్నెండేళ్ళండీ. నాకు ఇరవై. ఎవరు ఎవర్ని చూసుకున్నారో మీరే లెక్కేసుకోండి."

ముసలాయన ప్లేటులోకి చూసుకున్నాడు. గోపాలరావు ముఖం జేవురించింది. ఏదో అనబోయాడు. ఇంతసేపూ తలెత్తని కమలకుమారి మొగుడి చొక్కా చెయ్యి పట్టి కిందికి గుంజింది. "కూర్చోండి. వదినగారు అన్నదాంట్లో అబద్ధం ఏముంది?" అంది మెల్లగా. అతను కూర్చున్నాడు.

వసుమతి తెర వేసి తన అరలోకి వచ్చి పడింది. కోపం ఇంకా దిగలేదు. ఇన్నేళ్ళ కోపం ఒక్కసారి అరిస్తే దిగుతుందా? అప్పుడే బాలమల్లు చేప తెచ్చి ముందు పెట్టాడు. పళ్ళేనికి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే చందువా. వెన్న ఇంకా చిటపటలాడుతోంది. మీద నిమ్మచెక్క. పక్కన పెట్టిన ఫోర్కునీ చాకునీ ఆవిడ ముట్టుకోలేదు. చేతులు కడుక్కొచ్చి, కాకినాడ పద్ధతిలో వేళ్ళతో ముల్లు విడదీసింది.

నడిమి ముక్క దిమ్మలాగ ఊడివచ్చింది. ఆవిడ చెయ్యి దాన్ని తీసి, జాగ్రత్తగా పళ్ళెం అంచుకి జరిపి పెట్టి, తోక వైపు వెళ్ళింది.

వసుమతి ఆ చెయ్యి వంక చూసింది. అవతల వాడు కూర్చుని ఉన్నాడు. వాడి ముందు వాడి చేప నిండుగా ఉంది. అయినా ఈ చెయ్యి వాడికోసం నడిమి ముక్క తీసి పక్కన పెట్టింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తమ్ముడి మీద కూడా రానంత కోపం తన చేతి మీద వచ్చింది. దాన్ని నరికేద్దామన్నంత వచ్చింది. అప్పుడు ఏడుపు కూడా వచ్చింది, ఇందాక ఇంట్లో రానిది. ముక్కు ఎగబీలుస్తూనే, అంచుకి జరిపిన ముక్కని వెనక్కి లాక్కుని నోట్లో పెట్టుకుంది. తరవాత అటుదీ ఇటుదీ తింది. తొందరపడలేదు. చెక్క అవతల కుర్చీలు జరిగాయి, అడుగులు మెట్లు దిగాయి, తెర దగ్గర ఎవరో ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయారు. ఆవిడ తలెత్తలేదు.

పళ్ళెం తీయడానికి బాలమల్లు వచ్చాడు. చేపంతా పోయింది, తోకముక్క మాత్రం ముట్టుకోకుండా అలాగే ఉంది. వాడికి గుబులు పుట్టింది. యజమాని స్వయంగా వేయించిన చేప మరి.

"గిది తినలేదేందమ్మా? మంచిగ లేదా?"

"చేప బాగుంది," అంది వసుమతి. "నాకు తోకంటే ఇష్టం లేదు."